బెంచీ వైపు తిప్పిన ట్యాబ్

జగ్గయ్యపేటలో నా ఆన్‌లైన్ సెంటర్‌కి పనిమీద వచ్చేది ఒకరైతే, వెనక నిలబడి స్క్రీన్ చదివేది పదిమంది. చదివి ఊరుకుంటారా? పైకి చదువుతారు. "అబ్బో, మీ అమ్మాయికి ముప్ఫై ఏళ్ళు వచ్చాయా!" అని ఆరాలు. నాకు ఒళ్ళు మండేది.

అందుకే స్క్రీన్ దాచే యాప్‌లు వేసి చూశాను. మొదటిది స్క్రీన్ మొత్తం మసకబార్చింది. నాకే కనబడక ఆధార్ నంబర్లు తప్పు కొట్టాను. రెండోది మౌస్ ఉన్నచోట మాత్రమే అక్షరాలు చూపేది. దాన్ని ఉంచుకున్నాను. పాత ట్యాబ్‌ని రెండో స్క్రీన్‌గా మార్చే యాప్‌లూ చూశాను. వైఫై మీద నడిచేది నత్తనడక, కేబుల్ పెట్టేది భేషుగ్గా ఉంది. ఎవరి ఫారం వాళ్ళే కూర్చుని సరిచూసుకుంటారని ట్యాబ్‌ని బెంచీ వైపు తిప్పాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ మధ్యాహ్నమే పెనుగంచిప్రోలు నుంచి జాకెట్లు కుట్టే ఆవిడ వచ్చింది. నలభై దాటిన మనిషి. లైనింగ్ గుడ్డకని ఇంట్లో చెప్పి, నందిగామ పోయి ఓపెన్ టెన్త్ రాసింది. ఇప్పుడు ఫలితం చూడమని వచ్చింది.

"పాసైతేనే చెప్తా అన్నయ్యా. ఫెయిలైతే మా వీధిలో ఎవరికీ తెలియకూడదు. నవ్విపోతారండి" అంది.

"నా యాప్ ఉండగా భయమేంటమ్మా!" అన్నాను గొప్పగా. హాల్‌టికెట్ నంబర్ కొట్టి, ఒక్కో మార్కు మీదకీ మౌస్ జరిపాను. లెక్కల దగ్గర ఆవిడ ముఖం పాలిపోయింది.

"అయ్యో, లెక్కలు పోయాయే!" అన్నాడు అప్పుడే పింఛను పనికొచ్చి బెంచీ మీద కూర్చున్న పెద్దాయన. ఆయనదీ ఆవిడ వీధే.

తిరిగి చూస్తే ట్యాబ్‌లో పేరుతో సహా అన్నీ స్పష్టంగా ఉన్నాయి. మసక నా స్క్రీన్‌కే, ట్యాబ్‌కి లేదు. రెండు యాప్‌లనూ విడివిడిగా చూశానే గాని, కలిపి ఒక్కసారీ చూడలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. కేబుల్ పీకబోయాను.

"ఉంచండన్నయ్యా" అంది ఆవిడ, కొంగుతో కళ్ళు తుడుచుకుని. బెంచీ వైపు తిరిగింది. "బాబాయ్‌గారూ, ఎటూ చదివారుగా. మిగతా నాలుగూ చదవండి."

పెద్దాయన కళ్ళజోడు సర్దుకున్నాడు. "తెలుగు పాసు. సైన్సు పాసు..." ఒక్కొక్కటే, సెంటరంతా వినబడేలా చదివాడు. ఎవరూ నవ్వలేదు.

ఆవిడ అక్కడే లెక్కల పరీక్షకి మళ్ళీ ఫారం నింపించుకుంది. ఈసారి మసక వద్దంది.