పళ్లెం నిండా ఎదుగుదల

మా ఊళ్లో ఉమ్మడి ప్రయోగశాల తెరిచిన కొత్తలో రోజూ పొద్దున్నే గేటు ముందు కొందరు పరగడుపున నిలబడేవారు. షుగరు పరీక్షకు వచ్చినవాళ్లు. గోదావరిఖనిలో ల్యాబ్ అంటే రక్తం తీసేదే. ఇక్కడ రక్తం తీయరనీ, కంటికి కనపడని సూక్ష్మజీవులను పెంచుతారనీ చెప్తే ఒక అవ్వ నన్ను ఎగాదిగా చూసింది. "రోగాలు పెంచుతందుకు సర్కారు పైసలిస్తుందా బిడ్డా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయింది.

సర్కారు పైసలిచ్చిన మాట నిజమే. ఆలోచన కూడా మంచిదే, ఇది వెటకారంగా అనడం లేదు. బయోటెక్నాలజీలో చిన్న కంపెనీ పెట్టుకున్న మనిషి ఒక్క యంత్రం కొనాలన్నా ఇల్లు అమ్ముకోవాలి. అవే యంత్రాలను ప్రభుత్వం కొని ఒక చోట పెట్టి, తలా ఒక బెంచీ తక్కువ అద్దెకు ఇస్తే, ఎదిగే కంపెనీలు ఎదుగుతాయి. ఎదుగుతున్నాయో లేదో చూడటానికి ఏటా హైదరాబాదు నుంచి కమిటీ వస్తుంది. ఎదిగితే బెంచీ ఉంటుంది, లేకపోతే పోతుంది. బోర్డు మీద కంపెనీల పేర్లతో బెంచీలన్నీ నిండిపోయాయి. గదిలో మాత్రం నా బెంచీ ఒక్కటే నిండింది.

నా కంపెనీ అంటే నేనూ, నా స్కూటీ. డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం మానేసి పెట్టాను. ఓపెన్‌కాస్టు గనుల్లో బొగ్గు మీది మట్టిని తవ్వి గుట్టలుగా పోస్తారు. ఆ గుట్టల మీద ఎవరు ఏ మొక్క నాటినా మా ఎండలకు పుల్లయిపోతుంది. ఒక పాత గుట్ట మీద మాత్రం తుమ్మ చెట్టొకటి మొండిగా బతికి ఉండేది. దాని వేళ్ల దగ్గరి మట్టిలోంచి ఒక బ్యాక్టీరియాను పట్టుకున్నాను. అది వేరును అంటిపెట్టుకుని ఉంటే మొక్క ఎండను ఓర్చుకుంటుంది. దాన్ని మరే క్రిమీ కలవకుండా పెంచి, సీసాల్లో నింపి అమ్మాలని నా ఆశ. తర్వాత ఆ గుట్టను చదును చేశారు, తుమ్మ పోయింది. నా దగ్గరున్న ఆ బ్యాక్టీరియాకు ఇక నా బెంచీయే ఇల్లు. ఇదంతా చెప్తే మా అమ్మ ఆదివారం చర్చిలో లేచి నిలబడింది. "అయ్యగారూ, మా బిడ్డ ల్యాబుల పురుగులు చావకుండ ప్రార్థన చెయ్యుండ్రి" అంది. సంఘమంతా ఆమెన్ అంది, కొంచెం ఆలస్యంగా.

ప్రయోగశాల భవనం ఒకప్పటి బడి. నా పని జరిగే గదిలోకి యంత్రం వడకట్టిన గాలే రావాలి, బయటి గాలి రాకూడదు. అలాంటి గదికి కిటికీలు ఉండవు. టెండరులో కిటికీలు ఉన్నాయి కాబట్టి మా గదికి ఉన్నాయి. కిటికీలున్నాక తెరిచే మనిషి కూడా ఉంటాడు. ఆయన్ని అందరం కాక అని పిలుస్తాం.

కాక బాయిలో, అంటే బొగ్గు గనిలో, సర్దారుగా చేసి రిటైరయ్యాడు. సర్దారు ముందుగా లోపలికి పోయి గ్యాసు ఉందా, గాలి ఆడుతోందా చూసుకుని, ఆ తర్వాతే మనుషులను పంపుతాడు. ఇక్కడ ఆయన కేర్‌టేకరు. ఉద్యోగం పేరు మారింది గానీ ఆయన పని మారలేదు. పొద్దున్నే వచ్చి కిటికీలు బార్లా తీసేవాడు, నేను వచ్చి మూసేదాన్ని. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగు అయ్యాక, ఆరేసిన తెల్ల బట్టల మీద పడే నల్ల దుమ్మంతా నా బెంచీ మీదా పడేది.

"కాకా, ఈ గది మూసే ఉండాలె" అంటే, "గాలి ఆడకుంటే మనిషి బతుకుతడా బిడ్డా?" అనేవాడు. వడకట్టిన గాలి వస్తోందని యంత్రం చూపించాను. "అది మిషన్. కరెంటు పోతే?" అన్నాడు. నేను లేచి కిటికీలు మూశాను.

మొదటి ఏడు కమిటీ వచ్చే ముందు కొన్ని రోజులు ఏవో సంతకాల కోసం పెద్దపల్లిలో ఆఫీసుల చుట్టూ తిరిగాను. తిరిగొచ్చిన పొద్దున కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి. సూక్ష్మజీవులను పెంచే గాజు పళ్లేల మూతలు కూడా వారగా తీసి ఉన్నాయి. పళ్లేల నిండా నల్లటి, పచ్చటి బూజు దూదిలా ఉబ్బి ఉంది. నాకు ఏడుపొచ్చింది.

"పాపం, అవి గూడ పానమున్నయే గద" అన్నాడు కాక. "మూతలు బిగబెట్టి పోయినవ్. ఊపిరాడక సస్తయని జరంత తీసిన."

నోటికొచ్చింది అనేశాను. ఫ్రిజ్‌లో దూది బిరడాతో ఒక సీసా మిగిలింది కాబట్టి నా బ్యాక్టీరియా వంశం నిలిచింది. అంతలో గేటు ముందు కార్లు ఆగాయి.

కమిటీ పెద్దాయన పళ్లెం ఎత్తి వెలుతురులో పట్టుకున్నాడు. ఆయన మొహం వికసించింది. "అబ్బ, ఏం గ్రోత్! హైదరాబాదులో కూడా ఇంత గ్రోత్ చూడలేదు."

"సార్, అది బూజు. రొట్టె మీద పట్టేదే."

"మరీ అంత వినయం పనికిరాదమ్మా" అన్నాడాయన. పక్కనున్న అధికారి, గదిలో గాలీ వెలుతురూ బాగున్నాయని మెచ్చుకున్నాడు. కాక నా వైపు చూడకుండా మీసం సవరించుకున్నాడు. నా బెంచీ ఇంకో ఏడాది నిలిచింది. ఆ బూజును ఆ సాయంత్రమే కాక చూస్తుండగా మరిగించి చంపి పారేశాను. నెల తిరగకుండానే, వాళ్లు తీసుకెళ్లిన బూజు పళ్లెం ఫోటో మనిషెత్తు ఫ్లెక్సీ అయి వరండాలో వేలాడింది. కింద పెద్ద అక్షరాలతో 'ఎదుగుదల' అని రాశారు.

ఆ ఫ్లెక్సీ కట్టిన రోజున కాక పక్కన కూర్చుని నెమ్మదిగా అడిగాను, నన్నెందుకిట్లా సతాయిస్తావని.

"మా బావ బాయిల గిట్లనే మూసుకపోయిన జాగల ఉండిపోయిండు బిడ్డా. నేను బయట ఉన్న. లోపట సప్పుడు లేకుంటే నాకు పానం ఆగది."

ఆ రోజే ఒప్పందం చేసుకున్నాం. కిటికీలు మూసే ఉంటాయి, మూతల జోలికి ఆయన రాడు. బదులుగా ఆయన బయట కూర్చుని మధ్యమధ్యలో గోడ మీద కర్రతో కొడతాడు. లోపలినుంచి నేను తిరిగి కొట్టాలి. విదేశీ యంత్రాల మధ్య, ముక్కుకు మాస్కు, చేతులకు తొడుగులు వేసుకుని, మోచేత్తో గోడ కొట్టుకుంటూ ఏడాదంతా పనిచేశాను. ఆ పద్ధతికి ప్రభుత్వం ఏమీ ఖర్చు పెట్టలేదు. నా బ్యాక్టీరియా కడిగిన ముత్యంలా పెరిగింది. దాన్ని పోసిన మొక్కలు మా పెరట్లో రామగుండం ఎండాకాలాన్ని తట్టుకుని నిలబడ్డాయి. అమ్మ మళ్లీ చర్చిలో లేచి, ఇది దేవుడు చేసిన మేలని సాక్ష్యం చెప్పింది.

రెండో ఏడు కమిటీ వచ్చింది. అదే పెద్దాయన పళ్లెం ఎత్తి చూశాడు. అందులో నువ్వు గింజకన్నా చిన్న తెల్లటి చుక్కలు, అంతే. ఆయన వరండాలోకి వెళ్లి ఫ్లెక్సీ చూసి, మళ్లీ వచ్చి పళ్లెం చూశాడు.

"ఏమ్మా, పోయినేడు అంత బాగా చేశావు కదా. ఏమైంది?"

చెప్పాను. ఆ ఫ్లెక్సీలో ఉన్నది మురికనీ, ఈ చుక్కలే అసలు ఎదుగుదలనీ, మా ఇంటికొస్తే బతికిన మొక్కలు చూపిస్తాననీ చెప్పాను. వాళ్లకు రామగుండంలో రైలు టైమయింది. గది ఉక్కగా ఉందని కూడా ఒకాయన అన్నాడు. ఎదుగుదల కనిపించనందున నా బెంచీ రద్దయింది. పక్కనున్న ఖాళీ బెంచీలు అట్లాగే ఉన్నాయి, అవి ఎదగట్లేదని ఎవరూ చూడలేదు.

సామాను తీసుకునే రోజు ఒంటరిగా లోపల సర్దుకుంటున్నాను. అలవాటుగా గోడ మోగింది. చేతుల నిండా సామాను ఉండి వెంటనే తిరిగి కొట్టలేదు.

"బిడ్డా!" కాక బయటినుంచి కేకేశాడు. "ఉన్నవా?"

"ఉన్న కాకా" అని గోడ కొట్టి, దూది బిరడా సీసా పట్టుకుని బయటికొచ్చాను. స్కూటీ స్టార్ట్ చేయడానికి ఆ సీసాను ఆయన చేతికిచ్చాను. రెండు చేతులతో పొదివి పట్టుకుని, లోపలి మసక నీళ్లను పరీక్షగా చూశాడు.

"ఇవి బతికే ఉన్నయా?"

"బతికే ఉన్నయ్."

"నువ్వూ బతికే ఉన్నవ్" అన్నాడు కాక, ఫ్లెక్సీ వైపు తిరిగి. "మరి సచ్చినదాని ఫోటో ఎందుకు పెట్టుకున్నరు?"