హనుమాండ్లన్న బజ్జీనూనె జీపు

మా ఊరు ఎల్లారెడ్డిలో హనుమాండ్లన్న జీపును నాలుకతో రిపేరు చేస్తాడు.

నమ్మకపోతే మీ ఇష్టం. ఆయన పక్క సీట్లో కూర్చుని కళ్లారా చూసినవాణ్ని నేను. జీపు ఆగుతుంది. ఆయన దిగి, బానెట్ ఎత్తి, ఫిల్టరు విప్పి, అందులో వేలు ముంచి నాలుకకు రాసుకుంటాడు. కళ్లు మూసుకుంటాడు.

"ఇది దేవన్న నూనె, సారూ. నిన్న ఆలుబజ్జీలు జాస్తి ఏసిండు. పిండి దిగి అడ్డం పడ్డది" అంటాడు. తుడిచి బిగిస్తే జీపు బుద్ధిగా స్టార్టవుతుంది.

అది పాత డీజిల్ జీపు. దాన్ని ఎట్లనో తిప్పలు పడి, బజ్జీలు వేయగా మిగిలిన నల్లనూనెతో నడిచేటట్టు మార్చుకున్నాడు. స్టార్ట్ చేయడానికి చిన్న డబ్బాలో డీజిల్ ఉంటుంది. ఇంజన్ వేడెక్కాక సీటు కింద నల్లా తిప్పితే నూనె అందుకుంటుంది. ఇక జీపు పోయిన దారంతా మిర్చిబజ్జీ వాసనే. నేను బడిలో లెక్కలు చెబుతుంటే పిల్లలందరూ ఒక్కసారి కిటికీ వైపు ముక్కులు తిప్పారంటే, బయట హనుమాండ్లన్న పోతున్నట్టే. ఆ తర్వాత భిన్నాలు ఎవరి బుర్రకెక్కుతాయి!

ఊరు ఊరుకుంటుందా? చెల్కలో పల్లి పండిస్తాడు, గానుగలో నూనె పట్టిస్తాడు, అంత ఉన్న మనిషి పొద్దుగూకితే డబ్బా పట్టుకుని బజ్జీ బండ్ల ముందు నిలబడతాడు. ఎంగిలిచేత్తో కాకిని తోలడని చాటుగా, పీనాసి అని మొహం మీదే అన్నారు. ఆయన నవ్వేవాడు. నాకూ లోలోపల అదే అనుమానం ఉండేది, కాని జీపులో ఉచితంగా తిరిగేవాణ్ని కనుక నోరు మెదపలేదు.

ఇంకో సంగతి. ఆగిన జీపును ఎవరైనా తోస్తామంటే ఆయనకు కోపం నషాళానికి ఎక్కుతుంది.

"తోస్తే కదుల్తది. రోగమో? లోపలనే ఉంటది. ఎందుకు ఆగిందో దొరకాలె, అప్పుడే కదలాలె."

ఒకసారి నిజాంసాగర్‌లో పెండ్లికి పోతుంటే దారిలో ఆగింది. ఫిల్టరు బాగుంది, నూనె బాగుంది. ఎర్రటి ఎండలో నేను చెట్టు కింద, ఆయన జీపు కింద. చివరికి రబ్బరు పైపు నూనెకు నాని మెత్తబడి, ఎక్కడో గాలి పీలుస్తోందని తేలింది. "దొరికింది, సారూ!" అని మట్టికొట్టుకున్న మొహంతో ఎగిరి గంతేశాడు. మేం పోయేసరికి విందు అయిపోయి వంట గుండిగలు కడుగుతున్నారు. నేను ఆకలితో నకనకలాడుతుంటే, ఆయన పెండ్లికొడుకుని ఆపి పైపు సంగతి వివరించాడు.

పోయిన చలికాలం, బస్టాండు దగ్గర బజ్జీ బండి నడిపే రాజమణి బిడ్డ సుష్మితకు నర్సు ఉద్యోగం పరీక్ష పడింది. సెంటరు కామారెడ్డిలో. గేటు మూశాక నిమిషం ఆలస్యమైనా లోపలికి రానివ్వరు. పగలు బజ్జీలకు పిండి కలిపి, రాత్రి చదువుకున్న పిల్ల. ఈ పరీక్ష పోతే మళ్లీ ఎప్పుడు పడుతుందో ఎవరికీ తెలియదు.

"బస్సు ఎందుకే? నా జీపుల తీస్కపోత" అన్నాడు హనుమాండ్లన్న. రాజమణి కాదనలేకపోయింది. నేను వద్దని సైగ చేశాను. ఎవరూ చూడలేదు.

తెల్లవారి పొగమంచులో బయల్దేరాం. చలికి పండ్లు టకటక కొట్టుకుంటున్నాయి. లింగంపేట దాటామో లేదో, జీపు రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది.

"బాపూ, డీజిల్ మీద పెట్టరాదె!" అంది రాజమణి. నల్లా తిప్పాడు. స్టార్టయి మళ్లీ చచ్చింది.

"తోద్దామా, తాతా?" అంది సుష్మిత, హాల్‌టికెట్ గుండెకు అదుముకుని.

"ఆగు బిడ్డా. తోస్తే గింత దూరం పోయి మల్ల ఆగుతది. నిన్ను గేటు దాంక చేర్చాలె."

నేను రోడ్డు మీదికి ఉరికి చెయ్యెత్తాను. ఆ మంచులో వాహనాలకు నేను కనబడితేగా! ఒక లారీ నన్ను తప్పించుకుని పోవడమే గొప్ప. నాకు ఏడుపొచ్చింది, నిజం.

హనుమాండ్లన్న మాత్రం తొణకలేదు. పంపు కొట్టి చూశాడు, బుడగలు లేవు. గాలి కాదు. పైపు పిసికాడు, గట్టిగా ఉంది. ఫిల్టరు విప్పాడు. లోపలంతా మట్టిరంగులో, పేరిన నెయ్యిలా ముద్ద కట్టి ఉంది. నూనెకే కాదు, డీజిల్‌కూ దారి లేదు. వేలితో తీసి నాలుకకు రాసుకున్నాడు. కళ్లు మూశాడు. తెరిచేసరికి అవి ఎర్రబడ్డాయి.

"ఇది పామాయిలు! గీ సలికి గడ్డకట్టింది. రాజమణీ, ఇది నీ బండి నూనెనే. నేనిచ్చింది పల్లినూనె గదనే!"

నేను గిర్రున తిరిగాను. "నువ్విచ్చిందా?"

హనుమాండ్లన్న నాలుక కరుచుకున్నాడు. రాజమణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఎవ్వలకు చెప్పద్దని ఒట్టేయించుకున్నడు, సార్" అంది. "కొత్త పల్లినూనె డబ్బ ఇచ్చి, నల్లగైన నూనె తీస్కపోతడు. దేవన్నకు, నాకు, బస్టాండుకాడ బజ్జీలేసేటోళ్లందరికీ."

"మరి పామాయిలు ఎందుకు పోసినవే?" అన్నాడాయన.

"తప్పైంది, బాపూ. పిల్ల రాత్రంత చదువుతున్నది, మంచి నూనెతోని నాలుగు మెతుకులు తింటదని నువ్విచ్చింది ఇంట్ల వాడిన, బజ్జీలకు పామాయిలు కొన్న."

హనుమాండ్లన్న ఫిల్టరు వైపు తిరిగాడు. "ముందుగాల్ల ఉడుకు నీళ్లు తే" అన్నాడు.

ఎదురుగా చాయ్ హోటలు. రాజమణి పరుగున పోయి మరుగుతున్న నీళ్ల కెటిల్ పట్టుకొచ్చింది. హనుమాండ్లన్న ఫిల్టరును మళ్లీ బిగించి, పైపుకూ దానికీ తువ్వాల చుట్టి, పైనుంచి నీళ్లు పోస్తూ, "కరుగు, కరుగు" అని జీపును బతిమాలాడు. నేనూ బతిమాలాను. ముద్ద కరిగింది. నల్లా డీజిల్ మీదే ఉంచి తాళం తిప్పాడు. ఇంజన్ అందుకుంది.

దారిలో ఉండబట్టలేక అడిగాను. "కొత్త నూనె ఇచ్చి పాతది తీసుకునుడేంది అన్నా? డీజిల్ కన్న పిరమైతది గద!"

"అయితది. నీ బడి పిల్లలే, సారూ. బడి ఇడిసిపెట్టంగనే గా బజ్జీలకాడికి ఉరుకుతరు. మాడిన నూనెల మల్ల మల్ల ఏస్తుంటే చెప్పి చూసిన, ఎవ్వలు ఇనలే. కొత్త నూనె ఉట్టిగ ఇస్తనంటే, మేం బిచ్చగాళ్లమా అన్నరు. జీపుకు నల్లనూనె కావాలె, బదలు ఇస్త అన్న. అందరు ఇచ్చిండ్రు."

"అంటే, దానికోసం జీపునే మార్చినవా?"

"అడగనీకె ఒక సాకు ఉండాలె గద!" అన్నాడు, అదేదో మామూలు సంగతన్నట్టు.

నాకు ఇంత మనిషిని పీనాసి అనుకున్నందుకు సిగ్గేసింది, నవ్వూ వచ్చింది.

కామారెడ్డిలో గేటు మూయబోతుండగా చేరాం. సుష్మిత దూకి లోపలికి ఉరికింది. రాజమణి రోడ్డు మీదే కూలబడి దండం పెట్టింది. ఎవరికో తెలియదు, జీపుకే అనుకుంటాను.

మర్నాడు సాయంత్రం హనుమాండ్లన్న రాజమణి బజ్జీ బండి ముందు జీపు ఆపి రెండు డబ్బాలు దించాడు. "ఇది బజ్జీలకు, ఇది ఇంటికి."

రాజమణి రెండోది వెనక్కి నెట్టింది. "ఉట్టిగ తీసుకోను, బాపూ. బజ్జీలదైతే నల్లనూనె ఇస్త. ఇంట్లది కూరలల్ల అయిపోతది. నీకేమియ్యాలె?"

ఆయన తల గోక్కున్నాడు. జీపు ఆగినప్పుడు కూడా అంతసేపు ఆలోచించగా నేను చూడలేదు.

"గా కూరనే ఇంత నాకు పెట్టు" అన్నాడు. "బదలంటే బదలే."

రాజమణి గిన్నె తేవడానికి లేచింది.