జంట బస్సుల లెక్క

ఆ అమ్మాయి బస్సు డిపోలో పనిచేసే ఒక డ్రైవరు కూతురు. ఎవరు మాట్లాడుతున్నా మధ్యలో ఆపి "ఎందుకు?" అంటుంది కాబట్టి అందరూ బ్రేకు అంటారు. డిగ్రీ రెండో ఏడు.

వాళ్ళ కాలేజీలో ఒక ప్రొఫెసరు గుంపుల మీద పరిశోధన చేస్తారు. ఎవరి పని వాళ్ళు చేసుకుపోతుంటే, అందరూ కలిసి ఎవరూ అనుకోనిది ఎలా జరుగుతుందన్నది ఆయన పట్టుకున్న సంగతి. సెలవుల్లో ఆయన దగ్గర పనిచేయడానికి డిగ్రీ పిల్లల్లో ఒక్కరికే చోటు. బ్రేకుకి అది కావాలి.

"మార్కులు చూసి తీసుకోను. శుక్రవారానికి ఏదైనా చేసి చూపించు," అన్నారాయన.

పది నిమిషాలకొకటి బయల్దేరిన బస్సులు దారిలో జంటలుగా ఎందుకు వస్తాయో తేలుద్దామనుకుంది. డిపో టైము షీటు చూసి కంప్యూటర్లో పన్నెండు బస్సులు నడిపింది. బుధవారం దాకా ఒక్క జంటా కలవలేదు. నాన్నకి చూపించింది.

"స్టాపులో ఎంతసేపు ఆపావు?"

"అర నిమిషం. షీట్లో అంతే ఉంది."

"అన్ని స్టాపుల్లోనా? అలా అయితే నా అంత సుఖపడేవాడు ఉండడే తల్లీ! రేపు నా బండెక్కు. నోరు మూసుకుని లెక్కపెట్టు."

"నోరు మూసుకోవడం కష్టం నాన్నా."

"స్టాపుల్లోనైనా మూసుకో."

గురువారం ఇంజను పక్క సీట్లో వాచీ పట్టుకుని మూడు ట్రిప్పులు తిరిగింది. మనిషి ఎక్కడానికి నాలుగు సెకన్లు. బండి ఆలస్యమైతే స్టాపులో జనం పెరుగుతారు, జనం పెరిగితే ఇంకా ఆలస్యం. వెనక బండికి ఎక్కేవాళ్ళు మిగలరు, అది దూసుకొచ్చి దీని తోక పట్టుకుంటుంది. అప్పుడు నాన్న, దిగేవాళ్ళు లేని స్టాపులో ఆపకుండా, చెయ్యి బయటపెట్టి వెనక బండి చూపించి వెళ్ళిపోయాడు.

"ఇది రూల్లో ఉందా?"

"రూలు రాసినాయన ముందు అద్దం లేదమ్మా."

శుక్రవారం ప్రొఫెసరు గదిలో ముందుగా తన తప్పు లెక్కే చూపించింది. తర్వాత బస్సుల్లో జనాన్ని కూడా ఎక్కించి నడిపింది. ఆరో స్టాపు దాటగానే జంట కట్టాయి. మూడోసారి నాన్న చెయ్యి ఊపి ఆపకుండా వెళ్ళిపోవడం కూడా లెక్కలో కలిపింది. బస్సులు మెల్లగా విడిపోయాయి.

"ఏ పుస్తకంలో చూశావిది?"

"మా నాన్న చేస్తుంటే చూశాను సార్."

"చెయ్యి ఎప్పుడు ఊపుతారు?"

"అద్దంలో వెనక డ్రైవరు మొహం కనిపిస్తే. అది ఎన్ని అడుగుల దూరమో డిపోలో టేపు పెట్టి కొలిచి ఈ కాగితం మీద రాశాను."

ఆయన ఆ కాగితం తీసుకుని రెండుసార్లు చదివారు. "సోమవారం నుంచి రా. మీ నాన్నగారిని కూడా తీసుకురా, మాట్లాడాలి."

ఇంటికొచ్చి చెబితే నాన్న బూట్లు విప్పుతూ నవ్వాడు.

"సోమవారం నాకు డ్యూటీ. ఆయన్నే బస్సెక్కమను. స్టాపుల్లో మాత్రం ఏమీ అడగొద్దని చెప్పు."