కోత పండగ మేక

మా అక్క దేవుడి మేకను ఆకలితో మాడ్చి చంపిందని మా ఊళ్ళో ఇప్పటికీ అంటారు. మొన్న ఒక పెళ్ళిలో, ఆ మేక చచ్చేనాటికింకా పుట్టని పిల్ల కూడా నవ్వుతూ ఆ మాటే అన్నది. నేను తల వంచుకుని తింటూ పోయాను. అది అబద్ధమని కళ్ళారా చూసినవాళ్ళలో మిగిలింది నేనొక్కణ్ణే.

అరవైల మొదట్లో మాట. మాది చిట్టమూరుకు తూర్పున ఇసక నేల. నాకింకా పెళ్ళి కాలేదు, అక్కా బావల దగ్గరే ఉండేవాణ్ణి. బావ ఉప్పుమళ్ళలో పనికి పోయేవాడు. ఇల్లు నడిపింది మాత్రం అక్క మేకలే. వాటి ఎరువు లేకపోతే మా చేలో వేరుశెనగ కాసేది కాదు. ఇంట్లో గింజలు నిండుకుంటే ఒక మేకపిల్ల సంతకు పోయేది.

ఆ ఏడు పక్క ఊళ్ళలో మేకలకు బొబ్బ రోగం తగిలింది. జ్వరం, కళ్ళ వెంట నీళ్ళు, ఆ తర్వాత మూతి చుట్టూ, పొదుగు మీద బొబ్బలు. పాలు తాగే పిల్లలు ముందు పోయేవి. పశువుల ఆస్పత్రి ఆయన వచ్చి, కొత్త మేకను మందలో కలపొద్దని చెప్పిపోయాడు. అందరూ తలూపారు. అక్క ఒక్కతే ఆ పూటే దడికి ముళ్ళకంప అడ్డం వేసింది.

ఇంతలో కోత పండగ వచ్చింది. ఆ రోజు చర్చికి ఎవరి పంటలో మొదటిది వాళ్ళు తెచ్చి అర్పిస్తారు. ధాన్యం, గుమ్మడికాయలు, కోళ్ళు, మేకలు. ఆరాధన అయ్యాక అక్కడే వేలం. ఊరూరి మేకలన్నీ ఒకే వేపచెట్టుకు కట్టి ఉండేవి. దేవుడికిచ్చినదాన్ని పాడుకుని ఇంటికి తెచ్చుకోవడం మాకు గొప్ప. ఒక నల్లమేకకు చివరి పాట నాది. తాడు అందుకుంటూ దాని కళ్ళ కింద తడి చూశాను. దుమ్ము పడిందిలే అని సర్దిచెప్పుకున్నాను.

అక్క దడి దగ్గరే ఆపింది.

"యాడికి తోలకొస్తుండావు?"

"దేవుడి మేకక్కా. అయ్యగారు ప్రార్థన చేసి ఇచ్చినారు."

"ప్రార్థన సరే. ఏ దొడ్లో నుంచి వచ్చిందో తెలుసునా? సరుగుడు తోపులో కట్టేయ్. దాన్ని ముట్టుకునేది నువ్వే గదా, నువ్వూ ఆడనే ఉండు."

అప్పట్నుంచీ నా పళ్ళెం దడి అవతల పెట్టేది. నేను తోపులో కూర్చోలేను, నిలవలేను. ఉప్పుటేరు దాకా నడిచిపోయి, దారి మధ్యలోనే వెనక్కి తిరిగి, మేక మూతి చూసేవాణ్ణి. దారినపోయేవాళ్ళు ఊరుకుంటారా?

"ఏందబ్బయా, బాప్తిస్మం ఇస్తేగానీ మీ అక్క మేకను లోపలికి రానీయదా?"

"ముందు ఈయబ్బికియ్యాల. ఈయనా బయటే ఉండాడు గదా!"

మేక మేత మానేసింది, నేను పడితే తాగేది కాదు. సాయంత్రం తన మేకల పనంతా అయ్యాక అక్క రాగిజావ తెచ్చేది. మేక మూతి ఎత్తి పట్టుకుని కొంచెం కొంచెంగా తాగించేది. తర్వాత కాలవలో చీరతోనే మునిగి తడిబట్టలతో ఇంటికి పోయేది. ఒక్క పూట కూడా మానలేదు.

అయినా బొబ్బలు లేచాయి. మేక చచ్చింది. తోపులోనే లోతుగా గుంట తీసి సున్నం చల్లి పూడ్చాను.

ఆదివారం చర్చి మెట్ల మీద సంఘపెద్ద ఒకాయన అందరూ వింటుండగా అక్కను అడిగాడు.

"దేవుడికిచ్చిన జీవాన్ని గడప తొక్కనీయకుండా మాడ్చినావంట గదమ్మా?"

అక్క నా వైపు చూసింది. ఆ మేక వేలం నాటికే జబ్బుదని చెప్పాల్సింది నేను. కానీ ఆ చెట్టు కింది మేకల్ని కొన్న ఇళ్ళలో అప్పటికే మేకపిల్లలు పడిపోతున్నాయి. చూసినవాడివి ఆ రోజే ఎందుకు నోరు విప్పలేదని అందరూ నా మీద పడతారు. పాటల పుస్తకం తిరగేస్తూ నిలబడ్డాను.

ఊళ్ళో రోగం సద్దుమణిగేదాకా మా మందలో ఒక్కటీ పోలేదు. అక్క ముళ్ళకంప తీసి, "కాళ్ళు కడుక్కుని రా" అని లోపలికి పిలిచి వడ్డించింది.

"ఆ పొద్దు చర్చి మెట్ల కాడ ఒక్క మాట చెప్పుంటే బాగుండురా."

"మేకలు దక్కినాయి గదక్కా," అన్నాను.

"దక్కినాయి," అని కూర వేసింది.

మరుసటి కోత పండగకు మందలో మంచి పిల్లను నా చేత పంపింది. తను రాలేదు. వేలంలో అది అక్క మేకని తెలిసి ఒక్కరూ పాట పెట్టలేదు. పొద్దువాలాక దాన్ని వెనక్కి తోలుకొచ్చాను. అక్క దడి దగ్గర నిలబడి దాన్ని పైనుంచి కిందికి చూసింది.

"ఆ మేకలన్నిట్లో నిలబడి వచ్చింది గదా. తోపులో కట్టేయ్," అన్నది.

కాసేపటికి జావ తెచ్చింది.