రన్ అనే మాటకు బొమ్మల కొలువు

ఆ రోజుల్లో అంటే అందరికీ లంగా ఓణీలు, పలకా బలపాలు గుర్తుకొస్తాయి. నాకు మాత్రం మోకాళ్లకు నొప్పుల మందు రాసుకుని, గోళ్లలో చపాతీ పిండి వదలకుండానే అమెరికాలో మా ఇర్వింగ్ ఊరి లైబ్రరీ మెట్లెక్కిన సాయంత్రాలు గుర్తుకొస్తాయి. నా విద్యార్థి జీవితం నలభై దాటాక మొదలైంది మరి. ఎవరి యవ్వనం ఎప్పుడొస్తే అప్పుడే కదా! పగలు ఒక కర్రీ పాయింట్‌లో చపాతీలు ఒత్తేదాన్ని. సాయంత్రం ఆ లైబ్రరీలో పెద్దవాళ్లకు ఇంగ్లిష్ అక్షరాలు నేర్పే క్లాసుకి వెళ్లేదాన్ని. కర్రీ పాయింట్ నడిపే ఆవిడా నేనూ ఒకరినొకరం వదినా అని పిలుచుకునేవాళ్లం. ఆవిడకి నా చదువంటే మహా సరదా. "ఇంగ్లిష్ నేర్చుకుని ఏం చేస్తావ్ వదినా? చపాతీలు ఇంగ్లిష్‌లో ఒత్తుతావా?" అనేది. నేనూ నవ్వేదాన్ని. కానీ అప్పటికి అదే మొదటి క్లాసులో రెండోసారి కూర్చుంటున్నాను. ఈసారి కూడా పై క్లాసుకి పంపకపోతే ఇక మానేద్దామని లోపల గట్టిగా అనుకున్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

అలాంటి సమయంలో టీచరమ్మ ఒక హోంవర్క్ ఇచ్చింది. తలా ఒక మాట ఇచ్చి, దాన్ని జనం ఎన్ని రకాలుగా వాడతారో వారమంతా విని, రాసుకుని రమ్మంది. బాగా చేసినవాళ్లకి పై క్లాసు. నాకు "రన్" వచ్చింది. హమ్మయ్య, పరుగే కదా అనుకున్నాను. ఆ వారమంతా అది నా వెంటపడింది. పొద్దున్నే మా అమ్మాయి ఫ్రిజ్ తలుపు తీసి "అమ్మా, మిల్క్ రన్ అవుట్ అయింది" అంది. వదిన ఫోన్‌లో వాళ్లాయన మీద "షాప్ రన్ చేసేది నువ్వా, నేనా?" అని అరిచింది. షాపుకి చీదుతూ వచ్చిన ఒక పిల్లాడి ముక్కు కూడా రన్ అవుతోందని వాళ్లమ్మ చెప్పింది. ఇక మా అపార్ట్‌మెంట్ లాండ్రీ రూమ్‌లో, నాతోపాటే చదువుకునే మెక్సికో అక్క (ఆవిడ పేరు నాకు నోరు తిరగదు, నా పేరు ఆవిడకి తిరగదు) గులాబీ రంగుకి తిరిగిన వాళ్లాయన తెల్ల చొక్కా పట్టుకుని, వాళ్ల బట్టల్లో కలిసిపోయిన నా ఎర్ర రవికె వైపు చూపిస్తూ "యువర్ రెడ్, ఇట్ రన్! లుక్!" అని లబలబలాడింది. నేను సిగ్గుపడాల్సింది పోయి "థాంక్యూ, థాంక్యూ" అన్నాను. రంగు దిగడం కూడా రన్నే, ఇంకొకటి దొరికింది కదా!

దొరికినవన్నీ బుర్రలో ఉన్నాయి. రాయడమే రాదు. నా పేరు తప్ప నాలుగు మాటలు వరసగా రాయలేని దాన్ని. ఏం చేయాలో తోచక షాపులో ఉల్లిపాయల అట్టపెట్టెల వైపు చూస్తూ కూర్చుంటే అవి మెట్లలా కనిపించాయి. అవి దసరా రోజులు. అంతే, రన్ అనే మాటకి బొమ్మల కొలువు పెట్టేద్దామనుకున్నాను. మా అమ్మాయి నెత్తి కొట్టుకుంది. "అమ్మా, ఇట్స్ హోంవర్క్! నవరాత్రి కాదు!"

"రెండూ ఒకే వారం వస్తే నేనేం చేసేదే?" అన్నాను.

క్లాసులో మూడు పెట్టెల మీద దుప్పటి పరిచి ఖాళీ పాల డబ్బా, వదిన షాపు సంచీ, ముక్కు తుడిచే కాగితాలు, గులాబీ చొక్కా (అక్క పెద్ద మనసుతో అరువిచ్చింది), కారడానికి గుర్తుగా ఒక కప్పు ఐస్‌క్రీమ్ సర్దాను. అందరికీ శనగ గుగ్గిళ్లు పెట్టి, ఆడవాళ్లకి బొట్టు పెట్టాను. టీచరమ్మ నుదుటి మీద బొట్టుతోనే ఒక్కొక్కటి చూస్తూ వచ్చి, పై మెట్టు మీద పసుపు వినాయకుడి దగ్గర ఆగింది. "డస్ హీ రన్ టూ?"

ఆయన లేకుండా కొలువేమిటని పెట్టానే తప్ప, రన్‌తో ఆయనకేం సంబంధం? అంతలో అన్నదమ్ముల పందెం గుర్తొచ్చింది. లోకమంతా ఎవరు ముందు చుట్టొస్తారని పందెం పడితే తమ్ముడు నెమలెక్కి పరుగు తీశాడు, ఈయన అమ్మానాన్నల చుట్టూ తిరిగి కూర్చున్నాడు. ఇదంతా ఇంగ్లిష్‌లో ఎలా చెప్పను? నెమలిలా చేతులాడించి చెప్పాను. "బ్రదర్ రన్. బిగ్ రన్. హీ నో రన్. మదర్, ఫాదర్, రౌండ్. హీ విన్!"

క్లాసంతా చప్పట్లు. టీచరమ్మ మాత్రం నవ్వుతూనే మార్కర్ నా చేతిలో పెట్టింది. "రైట్ ఇట్."

అంతమంది ముందు రాయడం అదే మొదటిసారి. వెనకనుంచి అక్క "గో, గో!" అంటోంది. బ్రదర్ దగ్గర ఒక అక్షరం మింగేశాను. విన్‌కి మొదటి అక్షరం తలకిందులుగా వేసి, చెరిపి, మళ్లీ వేశాను. ఎంతసేపు పట్టిందో తెలియదు, ఎవరూ తొందరపెట్టలేదు. చివర చుక్క పెట్టి వెనక్కి తిరిగేసరికి టీచరమ్మ "సోమవారం నుంచి పక్క రూమ్‌కి రా" అంది. పై క్లాసు జరిగేది అక్కడే. అర్థమైంది కానీ, ఇంకోసారి వినాలనిపించి మళ్లీ చెప్పించుకున్నాను.

ఇంగ్లిష్ అక్షరాలు వచ్చాక ధైర్యం చేసి తెలుగు అక్షరాలూ నేర్చుకున్నాను, చిన్నపిల్లల ఆదివారం క్లాసులో వెనక బెంచీ మీద కూర్చుని. ఇదంతా ఇప్పుడు నా చేత్తోనే రాస్తున్నాను. రాస్తుంటే ఆ బోర్డు ముందు మార్కర్ పట్టుకుని నిలబడ్డ ఆవిడ కళ్ల ముందు మెదులుతోంది. ఏదో రాజ్యం గెలిచినట్టు తలెత్తుకుని నిలబడి ఉంది. నెమలి రెక్కలు తగిలి ఒలికిన ఐస్‌క్రీమ్ కుచ్చిళ్ల నిండా కారి ఉందని పాపం ఆవిడకింకా తెలియదు. నేనూ చెప్పను. ఇంకాసేపు అలాగే నిలబడనీ.