వెనకవైపు చూసే మనిషి

ఉదయం ఏడుంపావుకు ప్రొద్దుటూరు బస్సు జమ్మలమడుగులో ఆగింది. మా మేనత్త దిగి, కాఫీ కూడా తాగకుండా, ఎదురెళ్లిన నన్ను నేతగాళ్ల వీధికి తీసుకుపొమ్మంది.

ఆమె చీరల అంచుల మీద పరిశోధన చేసేది. జావా దీవిలో చూసిన రంపపు పళ్ల అంచును ఇక్కడ మగ్గం మీద నేస్తారని విని వచ్చింది. ఏ బట్ట చేతికిచ్చినా ముందు తిరగేసి చూసేది. దారం నడిచిన తీరు వెనకవైపే తెలుస్తుందనేది.

ఒక ఇంట్లో ఆ అంచు దొరికింది. కూతురి పెళ్లికని సొంత మగ్గం మీద నేసుకున్న చీర. మర్నాడు ఆ పిల్లతోపాటు పులివెందులకు వెళ్లిపోతుంది. అత్త దాన్ని అందుకుని, అలవాటుగా తిరగేసింది. ఇల్లాలు చీర లాక్కుంది.

“ఏందమ్మా, శావుకారు మాదిరి తిరగేసి వంకలెతుకుతాండావు? ఇది అమ్మేది గాదు.”

అత్త సంచిలోంచి జావా బట్ట తీసి, “నాది కూడా చూడక్కా” అంది.

ఇల్లాలు దాన్ని తిప్పింది. మళ్లీ తిప్పింది.

“దీనికి ఎనకేది?”

“జావాలో రెండువైపులా మైనంతో గీసి రంగు వేస్తారు. రెండూ ముందువైపే.”

“అట్లయితే ఆడుండే శావుకార్లు వంక యాడ పెడతారు? పాపం, వాళ్లెట్లా బతకాల!” అని నవ్వి, ఆమె చీరను అత్త ఒళ్లో పెట్టింది. “చూసుకోమ్మా, నిదానంగా చూసుకో.”

మధ్యాహ్నం దాకా అత్త ఆ అంచును కాగితం మీద గీసుకుంది. తర్వాత ఏ ఊళ్లోనైనా ముందు తన బట్టనే చూపించేది.

అత్త చనిపోయాక ఒకసారి ఆ వీధికి వెళ్లాను. కూతురి పెళ్లిచీర ఇప్పుడు అక్కడ ఎవరూ ఇంట్లో నేయడం లేదు.