బావ లాగలేకపోయిన పిడి

మా అక్క మొగుడు, అంటే మా బావ, మిలటరీ నుంచి పింఛను మీద వచ్చి శ్రీకాకుళంలో నగల కొట్టు దగ్గర గన్‌మేన్‌గా చేరాడు. సొంత తుపాకీ, లైసెన్సు ఉన్నవాళ్ళకే ఆ ఉద్యోగం. బావది పొట్టి కార్బైన్, పిస్తోలు తూటాలు పడతాయి. గొట్టం కింది చెక్కపిడి వెనక్కి లాగి ముందుకు తోస్తే కాలిన తూటా బయటికి, కొత్తది లోపలికి. ఎనిమిదిలోనే బడికి దండం పెట్టేసిన నాకే ఒక్కసారికి అర్థమైంది.

"ఏటి బావా, దొంగలొస్తే సైకిలుకి గాలి కొడతావేటి?"

"నీ నోట్లో కొడతాను. ఇంకా ఉబ్బుతాది."

ఏడాదికోసారి పోలీసుల కాల్పుల రేంజిలో గురిబోర్డు మీద పది తూటాలు కాల్చాలి. కిందటేడు నన్నూ తీసుకెళ్ళాడు. మొదటిది నల్లచుక్కలోనే కొట్టాడు. తర్వాత ఎడమచెయ్యి పిడి మీద ఆగిపోయింది. లాగుతున్నాడు, రావడం లేదు.

"పంచరేమో సూడు బావా" అన్నాను. వరసలోని గన్‌మేన్లందరూ నవ్వారు. బావా నవ్వాడు. నవ్వు మూతికి ఒక పక్కకే వచ్చింది. నన్ను వెక్కిరిస్తున్నాడనుకున్నాను.

"బిగుసుకుపోనాదిరా. నువ్వు కాల్సు."

అక్కడి అధికారి సరేనన్నాక అందుకున్నాను. పిడి లాగితే నూనె పెట్టిన గడియలా జారింది. భుజం విరుగుతుందని పళ్ళు బిగించాను గానీ, తెలిసినవాడెవడో వెనకనుంచి తట్టినట్టుంది, అంతే. చప్పుడు మాత్రం చెవిలో కూర్చుంది. లాగడం, కాల్చడం, మళ్ళీ లాగడం. తొమ్మిదీ నేనే కాల్చేశాను. ఒకటి చుక్క అంచున తగిలింది.

"తుపాకీ బాగానే ఉన్నాది బావా. నీ సెయ్యే ముసల్దైపోనాది."

బావ ఎడమచేతిని ప్యాంటుకు రుద్దుకున్నాడు. "తిమ్మిరిరా. మీ అక్కకి సెప్పకు" అన్నాడు.

చెప్పలేదు. తుపాకీ మొరాయించిందని అక్కతో అన్నాను. సాయంత్రానికి బావకి మాట పడిపోయింది. మూడోరోజుకి బావే లేడు. పక్షవాతం ఆ పొద్దున్నే మొదలై ఉంటుంది, చెయ్యి, మూతి ఎవరూ చూడలేదా అని డాక్టరు అడిగాడు. చూశాను. నవ్వించాను కూడా.

మొన్న అక్కతో కలిసి తుపాకీ స్టేషనులో అప్పగించడానికి వెళ్ళాను. లోపల ఖాళీయో కాదో లాగి చూపించమన్నాడు కానిస్టేబులు.

"జాగ్రత్తరా" అంది అక్క. "బిగుసుకుపోనాదని సెప్పినావు కదా."

లాగాను. రెండువేళ్ళకే వచ్చేసింది.

అక్క పిడిని చూసింది. తర్వాత నన్ను చూసింది.